రెండో సంతకం

ఐదు నెలల కిందట చనిపోయిన నర్సు మొన్న మధ్యాహ్నం మూడో అంతస్తు వార్డులో ఆరు గంటలు డ్యూటీ చేసి, వెళ్లేముందు "ఈ రోజు చాలా సంతోషంగా గడిచింది" అని రాసి వెళ్లింది.

హెడ్ సిస్టర్ ఆ కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి మళ్లీ చదివింది. పేరు అదే. ఉద్యోగి నంబరు అదే. వార్డంతా కళ్లజోడు సిస్టర్ అని పిలిచిన మనిషి. ఎనిమిది నెలల కిందట రాజీనామా ఇచ్చింది, మూడు నెలలు మంచంలో ఉంది, పోయింది. ఆవిడ శవం పక్కన హెడ్ సిస్టర్ గంటన్నర నిలబడింది. ఆ మనిషి లేచొచ్చి డ్యూటీ చేసే అవకాశం ఎంతమాత్రం లేదు.

ఒకవేళ లేచొచ్చినా ఈ ఆస్పత్రికి మాత్రం రాదు.

ఉదయం ఎనిమిది దాటింది. విచారణ పన్నెండింటికి. చేతిలో నాలుగు గంటలు కూడా లేవు.

మొన్న మధ్యాహ్నం, హెడ్ సిస్టర్ వారపు సెలవులో ఉండగా, పంతొమ్మిదో మంచం మీది ముసలాయన ఒక్కడే లేచి బాత్రూముకు వెళ్లబోయి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆ పూట డ్యూటీలో ఉన్న చిన్న నర్సు మీద అభియోగం రాశారు. వార్డులో ఐదుగురు నర్సులున్నా, తనకప్పగించిన రోగిని వదిలేసి తిరుగుతోందట. విచారణలో తప్పు తేలితే ఉద్యోగంతో ఆగదు. నర్సుల కౌన్సిల్‌కి రాస్తారు. రిజిస్ట్రేషన్ తీసేస్తారు. ఇరవై మూడేళ్ల పిల్ల ఇక జన్మలో సిరంజి పట్టుకోకూడదు.

ఆ పిల్లని అందరూ పిచ్చుక అంటారు. సన్నగా ఉంటుంది, ఒక మంచం దగ్గర నిలబడి ఉండగానే ఇంకో మంచం దగ్గర కనిపిస్తుంది. ఇప్పుడు మాత్రం డ్రెస్సింగ్ గదిలో స్టూలు మీద కదలకుండా కూర్చుంది.

"మొన్న నీతో ఎవరున్నారే?" హెడ్ సిస్టర్ అడిగింది.

"ఎవరూ లేరక్కా. నేనొక్కదాన్నే. నిన్నటి నుంచి అదే మొత్తుకుంటున్నా. ఐదుగురున్నారని కాగితం చూపిస్తున్నారు. నేను అబద్ధమంట, కాగితం నిజమంట."

హెడ్ సిస్టర్ చేతిలోదే ఆ కాగితం. పైనున్న ఆఫీసు అచ్చు వేసుకునే డ్యూటీ చార్టు, ఒక్కో పేరు పక్కన వాళ్లు దిగేముందు రాసిన మాటతో సహా. వార్డులో దాని మొహం ఎవరూ చూడరు. ఎవరు ఎప్పుడు రావాలో వీళ్లకి ఫోన్లో మెసేజ్ వస్తుంది, అంతే. విచారణ ఫైలుకి జతచేశారు కాబట్టి ఈ రోజు చేతికొచ్చింది. పిచ్చుక కాక అందులో నలుగురున్నారు. ఒకావిడ చనిపోయింది. ఒకావిడ సముద్రం అవతల ఏదో దేశంలో పనిచేస్తోంది. ఒకావిడ బట్టల కొట్టులో చీరలు మడతపెడుతోంది. నాలుగో ఆమె ఇంట్లో పిల్లాణ్ణి ఎత్తుకుని తిరుగుతోంది. నలుగురూ ఆ పూట చాలా సంతోషంగా పనిచేశారు.

హెడ్ సిస్టర్ చీరల ఆవిడకి ఫోన్ చేసింది.

"అక్కా, నీకు దణ్ణం పెడతాను, నన్నిందులోకి లాగొద్దు," అందా మనిషి, గొంతు తగ్గించి. "నా సర్టిఫికెట్లన్నీ ఇంకా వాళ్ల దగ్గరే ఉన్నాయి. ఏడాది కావొస్తోంది, రాజీనామా ఒప్పుకున్నామని ఒక్క ముక్క రాసివ్వలేదు. నోరు విప్పితే అవి కూడా రావు. కస్టమర్ వచ్చింది, ఉంటా."

ఈ ఆస్పత్రిలో ఆనంద విభాగమని ఒకటుంది. ఉన్నమాట నిజం. నాలుగో అంతస్తులో, ఆపరేషన్ థియేటర్ కన్నా చల్లగా ఉండే గదిలో ఉంది. వార్డుకి ఇంకో నర్సుని ఇవ్వండి అంటే ఆ విభాగం వాళ్లు నవ్వే వ్యాయామం నేర్పారు. యూనిఫాం మార్చుకునే గది తలుపుకి గొళ్లెం లేదంటే తలుపు మీద పువ్వుల బొమ్మ అంటించారు. గేటు దగ్గర మూడు మీటల యంత్రం పెట్టారు. నవ్వే మొహం, మామూలు మొహం, ఏడుపు మొహం. ఇంటికెళ్తూ ఏదో ఒకటి నొక్కాలి. మొదటి వారంలోనే ఏడుపు మొహం మీట అరిగి ఊడిపోయింది. బాగుచేయించలేదు. అప్పట్నుంచి ఏడిచేవాళ్లు లేరని నివేదిక వెళ్లింది.

ఆ విభాగానికి అధిపతి హెడ్ సిస్టర్ మరిది. వాళ్లింట్లోనే పై వాటాలో ఉంటాడు. ఇంట్లో వదినా అంటాడు. ఆస్పత్రి గేటు దాటగానే సిస్టర్ అంటాడు. ఆస్పత్రిలో అతన్ని అందరూ చిరునవ్వు అంటారు, అతను వెనక్కి తిరిగాక.

నిన్న రాత్రి భోజనాల దగ్గర, "ఆ పిల్ల సంగతి నీకెందుకు వదినా? రేపు సాయంత్రం అవార్డు వాళ్లొస్తున్నారు. నర్సులు వదిలిపోని ఆస్పత్రిగా దేశంలో మనమే ఫస్టు. ఇలాంటప్పుడు ఇల్లూ వాకిలీ వార్డులోకి, వార్డు ఇంట్లోకి తేకూడదు," అన్నాడు. హెడ్ సిస్టర్ భర్త, అతని అన్నగారు కూడా తలూపాడు. అన్నగారికి తలూపడం ఆరోగ్యం.

హెడ్ సిస్టర్ చార్టు పట్టుకుని నాలుగో అంతస్తుకి వెళ్లింది.

"రండి సిస్టర్, రండి! మొహంలో నవ్వేదీ?" మరిది కుర్చీలోంచి సగం లేచాడు.

"పోయిన మనిషికి డ్యూటీ వేశారేంటయ్యా?"

అతను కాగితం తీసుకుని చూశాడు. నవ్వు అలాగే ఉంది. "పోయిందా? ఎవరు పోయింది?"

"కళ్లజోడు సిస్టర్. ఐదు నెలలైంది."

"అరెరే. పాపం." ఎంతసేపు బాధపడాలో లెక్కవేసుకుని అంతసేపు బాధపడ్డాడు. "ఇది కంప్యూటర్ తప్పు సిస్టర్. ఒకరి నంబరు బదులు ఇంకొకరి నంబరు పడుంటుంది. రోస్టర్ గదిలో ఆవిడ ఉంది చూశారూ, నడుం నొప్పావిడ? ఆవిడే కొడుతుంది ఇవన్నీ. చూపు ఆనుతుందో లేదో. ఒక పేరు తప్పు పడింది, సరే. మిగతా ముగ్గురూ ఉన్నారు కదా?"

"ఉన్నారా? నువ్వు చూశావా?"

"నోట్సు రాశారు కదా సిస్టర్! నలుగురివీ హాండోవర్ నోట్సు ఫైల్లో ఉన్నాయి."

ఒక షిఫ్టు వాళ్లు దిగిపోతూ తర్వాత షిఫ్టుకి రాసిచ్చే నోట్సు అవి. ఎవరు ఎలా ఉన్నారు, ఏ మందు ఇచ్చారు, ఏది ఇవ్వాలి. ఆ మాట విని హెడ్ సిస్టర్ కిందకి దిగింది. మెట్ల మలుపులో ఉన్న రోస్టర్ గదికి వెళ్లింది.

రోస్టర్ ఆవిడ కుర్చీలో రెండు దిండ్లు పెట్టుకుని కూర్చుంది. "నేను కొట్టేది పైనుంచి వచ్చిన పేర్లే తల్లీ," అంది. "ఫలానా వాళ్లు వెళ్లిపోయారు, తీసేయండి అని ఎన్నిసార్లు రాశానో. తీసేసే మీట నా దగ్గర లేదు. పెట్టే మీటే ఉంది."

"జీతాల లిస్టులో వాళ్లు లేరు కదా?"

"అది వేరే కంప్యూటరు. ఇదీ అదీ పలకరించుకోవు. దాన్ని బయటికి తియ్యాలంటే డైరెక్టరుగారి సంతకం కావాలి. ఆయన పెట్టేసరికి నీ పిల్ల పెళ్లి చేసుకుని తల్లయిపోతుంది."

తొమ్మిదిన్నర. హెడ్ సిస్టర్ వార్డుకి తిరిగొచ్చింది. ఏడో మంచం ఆవిడకి కాన్సర్. నొప్పి మొదలైంది. మార్ఫిన్ ఇవ్వాలి. గోడలోని ఇనుప బీరువా తాళం తీసి, ఇంజెక్షన్ తీసి, రిజిస్టర్ తెరిచింది. నంబర్లు అచ్చేసిన పేజీలు, చింపితే తెలిసిపోతుంది. మత్తుమందు కాబట్టి మార్ఫిన్ ఇస్తే రెండు సంతకాలుండాలి. ఇచ్చిన నర్సుది ఒకటి, పక్కన నిలబడి చూసిన ఇంకో నర్సుది ఒకటి. దేశంలో ఏ ఆస్పత్రిలోనైనా ఇదే పద్ధతి.

తన సంతకం పెట్టింది. రెండో సంతకానికి అలవాటుగా కింద మందుల కొట్టుకి ఫోన్ చేయబోయి చెయ్యి ఆపింది.

పేజీ వెనక్కి తిప్పింది.

మొన్న. ఏడో మంచం. మూడు గంటల నలభై నిమిషాలు. ఇచ్చినది పిచ్చుక. పక్కన రెండో సంతకం, కోడి కెలికినట్టున్న సంతకం. మందుల కొట్టు ఫార్మసిస్టు పెద్దాయనది. నర్సు కాదు.

వార్డులో ఐదుగురు నర్సులుంటే మోకాళ్ల నొప్పుల మనిషిని మూడంతస్తులు ఎక్కించి సంతకం పెట్టించడం ఎందుకు?

ముసలాయన పడింది మూడు నలభై రెండుకి. అభియోగ పత్రంలోనే ఉంది.

హెడ్ సిస్టర్ ఏడో మంచం ఆవిడకి ఇంజెక్షన్ ఇచ్చి, రిజిస్టర్ చంకలో పెట్టుకుని డ్రెస్సింగ్ గదిలోకి వెళ్లి తలుపేసింది. "ఇది ఎందుకు చెప్పలేదే?"

పిచ్చుక రిజిస్టర్ చూసి ఏడుపు మొదలుపెట్టింది. "చెబితే అదింకో తప్పు కదక్కా! నర్సు కానివాళ్లు సంతకం పెట్టకూడదు. దానికీ రిజిస్ట్రేషన్ పోతుంది. ఆయన ఉద్యోగం కూడా పోతుంది. పాపం పెద్దాయన, రిటైర్మెంటుకి నాలుగు నెలలుంది. నేను పిలిస్తేనే వచ్చాడు. ఆవిడ అరుస్తోంది, మంచం కమ్మీ పట్టుకుని అరుస్తోంది. ఆగమని ఎలా చెప్పను? సూది దిగుతుండగా వెనకాల ధబ్‌మని చప్పుడైంది. సూది సగంలో వదిలి పరిగెత్తలేను కదా!"

హెడ్ సిస్టర్ పేజీలు తిప్పింది. రెండు నెలల్లో పెద్దాయన సంతకాలు నలభై ఒకటి. అందులో ఇరవై ఆరు తను పెట్టించినవే. ఈ పుస్తకం విచారణలో పెడితే ముందు తన పీకే తెగుతుంది. పిల్లని బయటపడేసే కాగితం ఇదొక్కటే. దాచిపెట్టిందీ ఇదే. తప్పు చేసినవాళ్లు కాగితాలు పుట్టించుకుంటున్నారు, పని చేసినవాళ్లు కాగితాలు దాచుకుంటున్నారు.

"మొహం కడుక్కో," అంది. "పన్నెండింటికి నేనూ వస్తా."

విచారణ గదిలో డైరెక్టరు నడిమధ్య కూర్చున్నాడు. ఈయన డాక్టరు చదువు చదివాడు గానీ రోగిని ముట్టుకుని పదిహేనేళ్లయింది. వార్డులోకి వస్తే ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుంటాడు. పక్కన మరిది, నవ్వుతూ. టేబుల్‌కి ఇవతల పిచ్చుక, హెడ్ సిస్టర్. చార్టు కొట్టింది కాబట్టి రోస్టర్ ఆవిడని కూడా పిలిచారు. దిండ్లు తెచ్చుకుంది.

"త్వరగా కానిద్దాం," అన్నాడు డైరెక్టరు. "నాలుగింటికి అతిథులున్నారు. ఏమ్మా, తప్పు ఒప్పుకుంటే మేమూ మనుషులమే. రాజీనామా ఇచ్చెయ్, కౌన్సిల్‌కి రాయం."

"రాజీనామా ఇస్తే మాత్రం చార్టులోంచి పోతుందా సార్?" అంది హెడ్ సిస్టర్. రిజిస్టర్ టేబుల్ మీద పెట్టి, పేజీ తెరిచి ఆయనవైపు తిప్పింది.

మరిది కూడా వంగి చూశాడు. ఆ పుస్తకాన్ని అతను జీవితంలో చూడలేదని మొహమే చెబుతోంది. "ఏంటిది?"

"మార్ఫిన్ రిజిస్టర్. ఇది మీ కంప్యూటర్లోకి ఎక్కదు. చేత్తో రాస్తాం. ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు ఇంకో నర్సు చూసి సంతకం పెట్టాలి. మొన్న మూడు నలభైకి వార్డులో ఇంకో నర్సు ఉంటే, కిందనుంచి ఫార్మసిస్టుని ఎందుకు పిలుస్తుంది?"

డైరెక్టరు కళ్లు మెరిశాయి. "ఫార్మసిస్టు సంతకమా? ఇది చెల్లదు! ఇది ఇంకా పెద్ద నేరం!"

"చెల్లదు సార్. రెండు నెలల్లో నలభై ఒకటి చెల్లవు. ఇరవై ఆరు నావే. నా మీద కూడా రాసుకోండి. రాసేముందు పెద్దాయన్ని ఒక్కమాట అడగండి, బయటే ఉన్నాడు."

ఫార్మసిస్టు పెద్దాయన గోడ పట్టుకుని లోపలికొచ్చాడు. ఆయన్ని కూర్చోమని ఎవరూ అనలేదు. ఆయనే కుర్చీ లాక్కున్నాడు.

"మొన్న వార్డులో ఎంతమంది నర్సులున్నారు?" డైరెక్టరు అడిగాడు.

"ఒకత్తె. ఇదిగో ఈ పిల్ల. నేను ఈ పిల్ల పక్కనే ఉన్నా. సూది దిగుతోంది. అటు ఆయన పడ్డాడు. నేనే లేపబోయా, నా వల్ల కాలేదు. మోకాళ్లు."

"ఇంతవరకూ ఎందుకు చెప్పలేదయ్యా?"

"ఎవరడిగారు? ఈ ఆస్పత్రిలో నన్ను మందు బిళ్ల రంగు తప్ప ఇంకేమీ అడగరు బాబూ."

మరిది గొంతు సవరించుకున్నాడు. "సార్, పెద్దవారు, కంగారులో చూసి ఉండరు. మిగతా నర్సులు భోజనానికో ఎక్కడికో వెళ్లుంటారు. నోట్సు ఉన్నాయి కదా."

"చదవండి," అంది హెడ్ సిస్టర్. "పైకి చదవండి."

అతను ఫైలు తీసి చదివాడు. "నాలుగో మంచం. రోగి ఉత్సాహంగా ఉన్నారు. సాయంత్రం టీ తాగి, అందరినీ నవ్వుతూ పలకరించారు."

పిచ్చుక తలెత్తింది. రెండ్రోజుల తర్వాత మొదటిసారి దాని మొహంలో ఏదో కదిలింది.

"సార్," అంది, "నాలుగో మంచం ఆయనకి పదకొండు రోజులుగా స్పృహ లేదు."

డైరెక్టరు మెల్లగా తల తిప్పి రోస్టర్ ఆవిడ వంక చూశాడు. చిన్న ఉద్యోగం, పెద్ద వయసు, మాట్లాడేవాళ్లు లేని మనిషి. ఆ చూపుకి అర్థం గదిలో అందరికీ తెలిసింది.

"ఇవి కూడా మీరే కొట్టారా అమ్మా?" మరిది వెంటనే అందుకున్నాడు. "పని ఒత్తిడిలో ఒక్కోసారి..."

రోస్టర్ ఆవిడ దిండు సర్దుకుంది.

"బాబూ, నేను పంతొమ్మిదేళ్లు వార్డులో నర్సుగా చేశాను. రోగిని ఎత్తబోయి నడుం విరిగితే తీసుకొచ్చి ఇక్కడ కూర్చోబెట్టారు. దొంగ నోట్సు రాయాలంటే నాకు బ్రహ్మాండంగా వచ్చు. మూత్రం ఎంత వచ్చింది, జ్వరం ఎంత, బీపీ ఎంత, ఒళ్లు ఎన్నిసార్లు తిప్పాం, అన్నీ అతికినట్టు రాస్తాను. నీలాంటివాళ్లు వందమంది కూర్చున్నా పట్టుకోలేరు. స్పృహ లేనివాడిచేత మాత్రం టీ తాగించను. ఇది రాసినవాడు వార్డు గుమ్మం తొక్కలేదు. రోగి అంటే ఎవడో, నర్సు ఏం రాస్తుందో వాడికి తెలీదు. వాడికి తెలిసిందల్లా నవ్వడం ఒక్కటే."

ఎవరూ అతని పేరు అనలేదు. అనక్కర్లేదు. అందరూ అతని నోటివైపే చూశారు. నవ్వు ఇంకా అక్కడే ఉంది, ఏం చెయ్యాలో తెలియక.

డైరెక్టరు కుర్చీని రెండంగుళాలు పక్కకి జరుపుకున్నాడు. ఓడ మునుగుతుంటే అందులో తనెప్పుడూ ఎక్కలేదన్నట్టు కూర్చోవడం ఆయనకి బాగా వచ్చు. "నాకు ఇవేవీ తెలియవు," అన్నాడు. "నాకు గ్రాఫులు మాత్రమే చూపించారు."

అది విన్నాక మరిది మొహం మారింది. వదిన వంక తిరిగాడు. ఆస్పత్రి గోడల మధ్య మొట్టమొదటిసారి ఆమెని సిస్టర్ అనలేదు.

"వదినా, నువ్వయినా అర్థం చేసుకో. నేను ఎవరికీ చెడు చేద్దామని చెయ్యలేదు. మొదట్లో ఒక్కరే. ఒకావిడ మానేసింది. ఆ నెల మీటింగు మర్నాడే ఉంది. ఈ నెలకి ఉందనుకుందాం, వచ్చే నెల తీసేద్దాం అనుకున్నా. ఎవరూ మానలేదని చెప్పగానే అందరూ చప్పట్లు కొట్టారు. ఈయనే లేచి భుజం తట్టాడు. ఇప్పుడు తెలీదంటున్నాడు. వచ్చే నెల ముగ్గురు మానేశారు. చప్పట్లు కొట్టినవాళ్ల ముందు నలుగురు పోయారని ఎలా చెప్పను? పోతే ఏమైంది, వార్డు నడుస్తోంది కదా అనుకున్నా. నిజంగా నడిచింది వదినా. నలుగురు చేసే పని ముగ్గురు చేశారు, ముగ్గురిది ఇద్దరు చేశారు. ఎవరూ చావలేదు. ఇలా చేస్తే కూడా నడుస్తుందని నాకేం తెలుసు, మీరే నడిపించి చూపించారు. ముప్ఫై నాలుగు మంది వెళ్లారు. ముప్ఫై నాలుగు రాజీనామా కవర్లూ నా సొరుగులోనే ఉన్నాయి. ఎందుకు మానేస్తున్నారో అందులో రాసే ఉంటారు. ఒక్క కవరు కూడా చింపలేదు నేను. చింపితే చదవాలి. చదివితే ఏదో ఒకటి చెయ్యాలి. నా ఉద్యోగం వాళ్లని సంతోషపెట్టడం గానీ... సరే, అదొద్దు. కళ్లజోడావిడ పోయిందని నాకు నిజంగా తెలీదు. తెలిస్తే ఇంకో పేరు పెట్టేవాణ్ణి. నోట్సు నేనే రాశా, ముసలాయన పడ్డాక, ఆ సాయంత్రం కూర్చుని నాలుగూ నేనే రాశా. అభియోగం కూడా నేనే రాశా. ఐదుగురున్నారని చెప్పాక ఎవరో ఒకరి తప్పు ఉండాలి కదా. ఈ పిల్ల చిన్నది, ఇంకోచోట చూసుకుంటుందిలే అనుకున్నా. రాసుకోండి సార్, కుర్చీ జరుపుకోవడం అయ్యాక రాసుకోండి. మొన్న మధ్యాహ్నం ముప్ఫై రెండు మంచాలకి ఆ పిల్ల ఒక్కతే ఉంది. ఒక్కతే ఉంటుందని నాకు ముందురోజు సాయంత్రమే తెలుసు."